చెక్క బొమ్మల సమీక్ష: నోట్లో పెట్టుకునే వయసుకు ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

"చెక్కే కదా, భయమేముంది" అన్న దగ్గరే తప్పు మొదలవుతుంది. పసిపిల్లల బొమ్మ విషయంలో చెక్కా, ప్లాస్టికా అన్నది మూడో ప్రశ్న. మొదట చూడాల్సింది దాన్నుంచి ఏదైనా ఊడి వస్తుందా అని. ఆ తర్వాత, దాని మీద పూసింది ఏమిటని. ఈ రెండూ తేలాక మా ఓటు చెక్కకే. వరస తిరగేసి చెక్క అన్న పేరు చూసి కొంటే ఏమవుతుందో 2007 జూన్‌లో తెలిసింది. అమెరికాలో ఆర్‌సీ2 అనే కంపెనీ సుమారు 15 లక్షల థామస్ చెక్క రైలు బొమ్మల్ని వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. చెక్కలో ఏ లోపమూ లేదు, పైన వేసిన రంగులో సీసం ఉంది. మరుసటి ఏడాది అక్కడ తెచ్చిన చట్టంతో రంగులో సీసం హద్దు పది లక్షల భాగాలకు 600 నుంచి 90కి దిగింది.

ఇక్కడ చూస్తున్నది మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా వాడే బొమ్మల్ని. ఒక కంపెనీనని కాదు, ఒక్కో రకాన్ని తీసుకుని అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

చెక్క ఎందుకు

బరువు కోసం. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన నాలుగు సెంటీమీటర్ల ఘనం సుమారు 45 గ్రాములు తూగుతుంది. అదే సైజు బోలు ప్లాస్టిక్ బ్లాకు 20 గ్రాములు దాటడం అరుదు. ఆ తేడా చిన్న చేతికి బాగా తెలుస్తుంది. బరువున్న బ్లాకు పెట్టినచోట కూర్చుంటుంది, వేలు తగిలితే జారిపోదు. ఏడాదిన్నర పిల్ల నాలుగు బ్లాకులు నిలబెట్టగలిగేది అందుకే. ప్లాస్టిక్ బ్లాకులతో మూడోది పెట్టేలోపే మొదటిది పక్కకు జరుగుతుంది.

రెండో కారణం, బొమ్మ నోరు మూసుకుని ఉండటం. ఇది నిజానికి చెక్క గొప్పతనం కాదు, బ్యాటరీ లేకపోవడం గొప్పతనం. అమెరికాలో 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 జంటల మీద, అంటే ఒక పెద్ద, ఒక బిడ్డ చొప్పున, చేసిన పరిశీలన 2015 డిసెంబరులో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. పాడే, మెరిసే ఎలక్ట్రానిక్ బొమ్మలు ముందున్నప్పుడు పెద్దవాళ్లు తక్కువ మాట్లాడారు, బిడ్డకు బదులివ్వడమూ తగ్గింది. చెక్క పజిల్, ఆకారాలు వేసే పెట్టె, రబ్బరు బ్లాకులు ఉన్నప్పుడు మాటలు పెరిగాయి. పుస్తకాలతో ఇంకా పెరిగాయి. రబ్బరు బ్లాకులు కూడా మంచి జాబితాలోనే ఉన్నాయి, గమనించండి. బటన్ నొక్కితే పాట పాడే చెక్క బొమ్మలూ ఇప్పుడు వస్తున్నాయి. వాటికి ఈ లాభం లేదు, పైగా లోపల గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఉంటే ప్రమాదం. మింగిన బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి కరెంటు పారుతుంది, ఆ చోట ఘాటైన క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే కండ కాలిపోవచ్చు. ఆ బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఏదైనా సరే, ఏ చెక్కదైనా సరే, ఇంట్లోకి రానివ్వకండి.

మూడోది, బాగుచేసుకునే వీలు. పగిలిన ప్లాస్టిక్ అంచు కత్తిలా ఉంటుంది, దాన్ని చెత్తబుట్టలో వేయాల్సిందే. చెక్క అంచు గరుకెక్కితే పది నిమిషాలు గరుకు కాగితం పెడితే సరిపోతుంది.

ఏ చెక్క

డబ్బా మీద "సహజమైన చెక్క" అని మాత్రమే రాసి ఉంటే ఏమీ రాయనట్టే. చెట్టు పేరు ఉండాలి. బీచ్, మేపుల్, బర్చ్, రబ్బరు చెట్టు కర్ర: ఈ నాలుగూ సన్నని నారతో, గట్టిగా ఉంటాయి, పేడు లేవడం తక్కువ. బీచ్, మేపుల్ ఘనపు మీటరుకు 700 కిలోల దరిదాపుల్లో ఉంటాయి, రబ్బరు కర్ర కొంచెం తేలిక. వేప కూడా బరువైన కర్రే, కానీ తొలి రోజుల్లో చేదు తగులుతుంది. పైన్ మెత్తన. గోరు నొక్కితే గుంట పడుతుంది, పళ్లు వస్తున్న బిడ్డ దాన్ని వారంలో నమిలి పీచు తేలుస్తుంది. పెద్ద తోపుడు బండికి పైన్ ఫరవాలేదు, నోట్లోకి వెళ్లే ముక్కకు పనికిరాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎండీఎఫ్ దగ్గర. చెక్కపొడిని జిగురుతో కలిపి ఒత్తిన పలక అది. మామూలుగా ఆ జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. కొత్త డబ్బా విప్పగానే కళ్లు మండే ఘాటు వస్తే అదే. దీని మీద రంగు ఎంత నున్నగా పట్టినా, బిడ్డ ఒక మూల కొరికి పూత లేపిందంటే ఆ చోట ఉమ్ము ఇంకి పలక బిస్కెట్‌లా ఉబ్బుతుంది, పొడిపొడిగా నోట్లోకి రాలుతుంది. కొనేటప్పుడు గుర్తుపట్టడం తేలికే. బొమ్మ అడుగున గానీ, రంధ్రం లోపలి అంచున గానీ రంగు లేని చోటు వెతకండి. నార గీతలు కనిపిస్తే చెక్క. గీతలే లేకుండా అట్టలా ఒకే మట్టి రంగు కనిపిస్తే ఎండీఎఫ్. అడ్డంగా పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. ప్లైవుడ్ చెడ్డది కాదు, అంచులు బాగా నునుపు చేసి ఉండాలంతే.

పూత: ఇక్కడ ఆగి చూడండి

చెక్క మీద నాలుగు రకాల పూతలు కనిపిస్తాయి. ఏమీ పూయనిది, నూనె మైనం పట్టించినది, లక్క ఎక్కించినది, రంగు వేసి వార్నిష్ కొట్టినది.

ఏమీ పూయని మేపుల్ రింగు పళ్లొచ్చే వయసుకు ఉత్తమం. కాకపోతే ఉమ్ము తగిలినప్పుడల్లా నార పైకి లేచి ముట్టుకుంటే గరగరలాడుతుంది. అది చెక్క స్వభావం, లోపం కాదు. మంచి తయారీదారు అమ్మకముందే చెక్కను తడిపి, ఆరబెట్టి, లేచిన నారను మళ్లీ నునుపు చేస్తాడు. ఆ పని చేశాడో లేదో మొదటి రోజే తెలుస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనిచ్చి బుగ్గకు రాసుకోండి. గరుకు తగిలితే ఆ మెట్టు ఎగ్గొట్టాడన్నమాట.

నూనె పూతలో అవిసె నూనె మాట వింటే రెండో ప్రశ్న వేయండి. "కాచిన అవిసె నూనె" పేరుతో పెయింటు సామాను కింద దొరికే దాంట్లో త్వరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లాంటి లోహపు లవణాలు కలుపుతారు. పిల్లల బొమ్మకు అది వద్దు. పచ్చి అవిసె నూనె మంచిదే, కాకపోతే ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. వాల్‌నట్ నూనె పూసిన బొమ్మ గింజల అలర్జీ ఉన్న ఇంటికి సరిపడదు.

లక్క పూత చూపుకు అందం, నోటికి కూడా మంచిదే, లక్క స్వచ్ఛమైనదై, కలిపిన రంగు సురక్షితమైనదైతే. లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. ఏటికొప్పాక, చన్నపట్నం బొమ్మల మెరుపు అదే. దీనికి శత్రువులు రెండు: వేడి నీళ్లు, శానిటైజర్. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో లక్క గిలక్కాయ తుడిస్తే మెరుపు పోయి జిగటగా తయారవుతుంది, రంగు గుడ్డకంటుతుంది. అప్పుడు "రంగు పోతోంది, మోసం" అని తయారీదారుని తిట్టి లాభం లేదు.

రంగు వేసిన బొమ్మకు ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన తెల్ల నూలు గుడ్డతో ఒకేచోట యాభైసార్లు గట్టిగా రుద్దండి. తర్వాత అదే గుడ్డను తడిగా బొమ్మకు చుట్టి రెండు గంటలు ఉంచండి. గుడ్డకు రంగు అంటితే బిడ్డ నోటికీ అంటుతుంది. అంటకపోతే రంగు గట్టిగా పట్టిందని మాత్రమే అర్థం. సీసం లేదని కాదు. సీసం సంగతి ప్రయోగశాలే తేల్చాలి. దుకాణాల్లో దొరికే, పుల్లతో రుద్ది సీసం ఉందో లేదో చూసే పరీక్షల మీద ఆధారపడి నిర్ణయం తీసుకోవద్దు. డబ్బా మీద ఈఎన్ 71, ఏఎస్‌టీఎం ఎఫ్963, ఐఎస్ఓ 8124, ఐఎస్ 9873 అనే బొమ్మల భద్రతా ప్రమాణాల్లో ఏదో ఒకటి, దాంతోపాటు తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు ఉన్నాయా చూడండి. బ్యాచ్ నంబరు లేని బొమ్మను, రేపు లోపం బయటపడినా, వెనక్కి పిలిచే దారి ఉండదు. పాత ఇంటి అటక మీద దొరికిన తాతల నాటి రంగుల బొమ్మ ఎంత ముద్దొచ్చినా అలమరలో పెట్టుకోండి, పాకే పిల్ల చేతికి ఇవ్వకండి.

ప్లాస్టిక్ వైపు ఇదే ప్రశ్న వేస్తే సమాధానం రకాన్ని బట్టి మారుతుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ బ్లాకుతో పెద్ద గొడవ లేదు. మెత్తగా, వంగేట్టు, ఒక మాదిరి తీపి వాసన వేసే పీవీసీ బొమ్మతోనే పేచీ, మెత్తదనం కోసం అందులో థాలేట్లు అనే రసాయనాలు కలిపి ఉండవచ్చు కాబట్టి. పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లు ఒక్కొక్కటి 0.1 శాతం దాటకూడదని ఐరోపా, అమెరికా రెండూ హద్దు పెట్టాయి. అడుగున త్రికోణంలో 3 అంకె ఉంటే అది పీవీసీ.

ఊడే ముక్కలు

మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు వాడే కొలత గొట్టం ఒకటుంది. వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1. ఏ ముక్కైనా నొక్కకుండానే అందులో పూర్తిగా మునిగిందంటే అది గొంతులో ఇరుక్కునే ముక్క. ఇంట్లో ఆ గొట్టం ఉండదు, టాయిలెట్ పేపర్ చుట్టకు లోపలుండే అట్ట గొట్టం ఉంటుంది. అది సుమారు నాలుగు సెంటీమీటర్లు, అంటే అసలుకన్నా కాస్త వెడల్పు, కాబట్టి తప్పు జరిగినా జాగ్రత్త వైపే జరుగుతుంది. బంతులకు ఇది చాలదు. బంతి గుండ్రంగా ఉండి గొంతును పూర్తిగా మూసేస్తుంది కాబట్టి మూడేళ్లలోపు 44.4 మిల్లీమీటర్ల కన్నా చిన్న బంతి వద్దని విడిగా కొలత పెట్టారు.

మాంటిస్సోరి బడుల్లో వాడే గులాబీ గోపురంలో ఒక సెంటీమీటరు నుంచి పది దాకా పది ఘనాలుంటాయి. 1, 2 సెంటీమీటర్ల ఘనాలు రెండూ ఆ గొట్టంలో హాయిగా దిగిపోతాయి. ఏడాదిన్నర పిల్లకు ఈ సెట్ కొనిపెడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అది మూడేళ్ల వయసుకు తయారుచేసిన సామాను. ముందే కొన్నా, ఆ రెండిటినీ తీసి దాచండి.

అంటించిన భాగానికి లాగుడు పరీక్ష పెట్టండి. సామాను తూచే కొక్కెం కాటా ఉంటే చాలు. బొమ్మ చెవికో, ముక్కుకో, పజిల్ పిడికో గట్టి దారం బిగించి, కాటాను దానికి తగిలించి నెమ్మదిగా లాగండి. తొమ్మిది కిలోల దగ్గర పది సెకన్లు ఆపండి. ఐరోపా పరీక్షలో వాడే 90 న్యూటన్ల బలం దాదాపు అంతే. ఊడితే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఊడకపోయినా అతుకు దగ్గర సన్నని గీత కనిపిస్తే అదీ ఊడినట్టే.

ఇక రకాల వారీగా

గిలక్కాయ. మూడు నాలుగు నెలలకు చేతికిచ్చేది 50 గ్రాములు మించకూడదు, ఎందుకంటే ఆ వయసులో అది ముందు తగిలేది సొంత ముక్కుకే. పట్టు 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందం ఉండాలి. లోపల గింజలు పోసి రెండు డొల్లలు అతికించిన రకం మేము సిఫారసు చేయం. గాలిలో తేమ తగ్గినప్పుడు అతుకు విచ్చుకుంటుంది, గింజలు బయటికొస్తాయి. కాడకు రింగులు తొడిగిన రకం నయం, చప్పుడు కూడా చెవులకు మెత్తగా ఉంటుంది. కాడ చివర గుండు సైజు చూసుకోండి. 35కి 50 మిల్లీమీటర్ల కోలగా ఉండే రంధ్రంలోంచి 30 మిల్లీమీటర్ల లోతు దాటి చొచ్చుకుపోయే చివరి భాగం నోట్లోనూ అంతే లోతుకు వెళ్తుంది. అట్ట మీద ఆ రంధ్రం కత్తిరించుకుంటే దుకాణంలోనే చూసుకోవచ్చు.

రింగుల స్తంభం. తొమ్మిది నెలల తర్వాత ఇవ్వండి. లోపం సాధారణంగా స్తంభంలోనే ఉంటుంది. సన్నగా, నిటారుగా, కదలకుండా నిలబడే కర్ర మీదికి తూలిపడే బిడ్డ వాలితే కంటికో, అంగిలికో తగులుతుంది. స్తంభం లావుగా, పొట్టిగా, తల గుండ్రంగా ఉండాలి, లేదా అడుగు గుండ్రంగా ఉండి తోస్తే వాలిపోవాలి. రింగు రంధ్రానికీ కర్రకూ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. చెక్క నార పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అందుకే గుండ్రంగా కోసిన రంధ్రం కొన్నాళ్లకు కోలగా మారుతుంది. ఖాళీ ఒక మిల్లీమీటరే వదిలిన సెట్లో వానాకాలం రాగానే రింగు మధ్యలో బిగుసుకుపోతుంది, బిడ్డ ఏడుస్తుంది, పెద్దవాళ్లు సుత్తి పట్టుకుంటారు.

బ్లాకులు. ఒకే బొమ్మ కొనాలంటే ఇదే. ఏడాదికి ఎనిమిది పది చాలు, రెండేళ్లకు ముప్పై నలభై, మూడేళ్లకు అరవై పైన. ఆకారాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, కొలతలు ఒకదానికొకటి లెక్కలో ఉన్నాయా అన్నది చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఉపాధ్యాయురాలు కరోలిన్ ప్రాట్ రూపొందించిన యూనిట్ బ్లాకు కొలత ఇప్పటికీ బడుల్లో నడుస్తోంది. మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో, సుమారు 35, 70, 140 మిల్లీమీటర్లు. రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దదవుతుంది. పిల్లలు సగం, రెట్టింపు అన్న మాటలు వినకముందే చేతులతో ఆ లెక్క పట్టేస్తారు.

కొనేముందు పది బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేర్చండి. గోపురం ఒకవైపు ఒరిగితే ముఖాలు సమాంతరంగా కోయలేదన్నమాట. రెండు బ్లాకులు నిలబెట్టి పైన మూడోది వంతెనలా వేయండి. అది టకటకలాడితే పొడవుల్లో తేడా ఉంది. ఇలాంటి సెట్ చవగ్గా వచ్చినా వద్దు. ఎంత జాగ్రత్తగా పెట్టినా కూలిపోతుంటే లోపం తన చేతిదో బ్లాకుదో రెండేళ్ల పిల్లకు తెలియదు, ఊరికే విసిగిపోయి వదిలేస్తుంది. అంచులు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మేర మొండి చేసి ఉండాలి. మరీ గుండ్రంగా చేస్తే కూర్చునే చోటు తగ్గి జారుతాయి. ఒక్క మాట ఒప్పుకోవాలి: ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలకు విసరడం ఒక వ్యసనం. 45 గ్రాముల బీచ్ ముక్క పక్కనున్న తమ్ముడి నుదుటికి తగిలితే బొప్పి ఖాయం. ఆ ఆరు నెలలు గుడ్డ బ్లాకులు, గుడ్డ బంతి ఇచ్చి చెక్కవి పెద్దవాళ్లు పక్కనున్నప్పుడే తీయండి.

ఆకారాలు వేసే పెట్టె. ఎక్కువ రంధ్రాలుంటే గొప్ప అనుకుంటారు, తప్పు. మొదటి పెట్టెకు మూడు నాలుగు ఆకారాలు చాలు. దుకాణంలోనే చేయాల్సిన పరీక్ష: ప్రతి ముక్కనూ ప్రతి రంధ్రంలో వేసి చూడండి. చాలా సెట్లలో గుండ్రటి ముక్క చదరపు రంధ్రంలోంచి కూడా దర్జాగా పడిపోతుంది. పిల్లలు మనకన్నా ముందే ఆ సంగతి కనిపెట్టి అన్నీ ఆ ఒక్క రంధ్రంలోనే వేసేస్తారు. తెలివైన పనే, కానీ బొమ్మ ఉద్దేశం అక్కడితో సరి. వేళ్ల సంగతి కూడా చూడండి: పలుచటి పలకలో 6 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే చిటికెన వేలు దూరి ఇరుక్కుంటుంది.

పిడి ఉన్న పజిల్ పలక. ఏడాదిన్నరకు సరైనది. నాసిరకం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. ముక్క మీద బొమ్మ అచ్చువేసిన కాగితం అంటించి ఉంటుంది. మూలన గోరుతో గీకండి. కాగితం లేస్తే వారంలో బిడ్డ దాన్ని ఒలిచి నమలడం మొదలుపెడుతుంది. చెక్క మీదే నేరుగా అచ్చు వేసినదో, రంగు వేసినదో తీసుకోండి. పిడి కేవలం జిగురుతో పైన అంటించి ఉంటే వదిలేయండి. రంధ్రం చేసి అవతలి వైపు దాకా దింపినది కావాలి. ముక్కను తిరగేస్తే పిడి చివర చుక్కలా కనిపిస్తుంది, అదే గుర్తు.

లాగుడు బండి. చక్రం ఊడటం దీని జాతకంలోనే ఉంది. బండి పక్కన చిన్న రంధ్రం చేసి చక్రంలోంచి పుల్ల దూర్చి జిగురు పెట్టిన రకం ఎండాకాలం గడవదు. కర్ర ఎండి పుల్ల సన్నబడుతుంది, జిగురు పట్టు తప్పుతుంది, పుల్ల బయటికి వస్తుంది. ఆ పుల్ల కచ్చితంగా కొలత గొట్టంలో పట్టే సైజే. ఇరుసు ఒకటే కర్రగా బండి అడుగు నుంచి ఆ చివరికి పోయి, రెండు చక్రాలూ దానికే బిగించి ఉండాలి. చక్రం పట్టుకుని ఇరుసు పొడవునా లాగి చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కదలిక మామూలే, అంతకన్నా ఎక్కువైతే వద్దు. తాడు పాకే పిల్లకైతే 20 సెంటీమీటర్లకు కత్తిరించేయండి, లేదా తీసేయండి. మెడకు చుట్టుకునే పొడవు ఉండకూడదు. నడక వచ్చాక పొడుగు తాడు కట్టుకోవచ్చు, పెద్దవాళ్లు చూస్తుండగా మాత్రమే. చెక్క రైలు పెట్టెలను కలిపే అయస్కాంతాలు బిగువుగా లోపలికి దింపి ఉన్నాయో లేదో నెలకోసారి చూడాలి. రెండు అయస్కాంతాలు మింగితే పేగు గోడల్ని మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. ఒకటి కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తోపుడు బండి. నిలబడటం వచ్చి అడుగులు వేసే బిడ్డకు ఇది మంచి తోడు. లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్‌తో దీన్ని కలపకండి. ఆ వాకర్లను కెనడా 2004లోనే నిషేధించింది. చెక్క తోపుడు బండికి ఉన్న లోపం వేగం. నున్నటి నేల మీద బిడ్డ వాలగానే ముందుకు పరిగెడుతుంది. చక్రాలకు రబ్బరు పట్టీ ఉన్నది, వీలైతే చక్రం బిగువు తిప్పి సరిచేసుకునే మర ఉన్నది తీసుకోండి. తొట్టిలో రెండు మూడు కిలోల బియ్యం మూటో, పుస్తకాలో పెడితే నిలకడగా ఉంటుంది. పిడి పట్టుకుని మొత్తం బరువు కిందికి వేసినప్పుడు ముందు చక్రాలు పైకి లేస్తే ఆ బండి కొనకండి.

ప్లాస్టిక్ నెగ్గే చోట్లు

స్నానం తొట్టి, ఇసుక, బురద, నీళ్లు. ఇక్కడ చెక్కకు పనిలేదు. కాకపోతే నొక్కితే నీళ్లు చిమ్మే రబ్బరు బాతు లోపల బూజు పెరుగుతుంది, చిల్లు లేనిదే తీసుకోండి. పిల్లలకు వాంతులు విరేచనాలు అయినప్పుడు వేడినీళ్లలో వేసి కడగగలిగేది ప్లాస్టిక్, సిలికాన్ మాత్రమే. చల్లబరిచి చిగుళ్లకు ఇచ్చే రింగుగా సిలికాన్ చెక్కకన్నా మేలు. పదిమంది పిల్లలు పంచుకునే శిశు కేంద్రంలో రోజూ క్రిమిసంహారకంతో కడగాలి కాబట్టి అక్కడ సగం బొమ్మలు ప్లాస్టిక్‌వే ఉండటం న్యాయం. ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ఇటుకలకు కావాల్సిన కచ్చితత్వం చెక్క ఇవ్వలేదు. అది ప్లాస్టిక్ సొత్తు.

కడగడం, సానబట్టడం

చెక్క బొమ్మను నానబెట్టకండి, డిష్‌వాషర్‌లో వేయకండి. తడి గుడ్డకు ఒక చుక్క తేలికపాటి సబ్బు, తుడుపు, వెంటనే పొడి గుడ్డ. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే ఒకవైపు ముందు ఎండి చీలుతుంది. హీటరు దగ్గర, ఏసీ గాలికి ఎదురుగా ఉంచినా అదే గతి. ఉమ్ముతో తడిసిన బొమ్మల్ని మూత బిగించిన డబ్బాలో పడేస్తే నాలుగు రోజుల్లో నల్ల చుక్కల బూజు. గాలాడే బుట్ట వాడండి.

గరుకెక్కిన చోట నార వెంబడే రుద్దాలి, అడ్డంగా కాదు. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220, ఆఖరున 320. తడి గుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నారను మళ్లీ 320తో తీసేయండి. పైపూతకు తూకంలో ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతులు తినడానికి పనికొచ్చే మినరల్ ఆయిల్. గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద కాదు. చల్లారి వెన్నలా అయ్యాక గుడ్డతో పలుచగా రాసి, అరగంటకు పొడి గుడ్డతో తుడిచేసి, ఒక రోజు ఆగి బిడ్డకు ఇవ్వండి. మందంగా రాస్తే జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. రంగు వేసిన పాత బొమ్మను మాత్రం ఎప్పుడూ సానబట్టకండి, ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు.

అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, విప్పి ఆరేసి, తర్వాత పారేయండి.

నార వెంబడి ఒక చీలిక వచ్చి అందులో గోరు దూరుతుంటే జిగురు పెట్టి మళ్లీ వాడాలని చూడకండి. ఆ చీలికలో ఉమ్ము చేరుతుంది, లోపలి నుంచి పేడు లేస్తుంది. ఆ ముక్కను తీసేసి మిగతావాటితో ఆడనివ్వండి. బ్లాకుల సెట్లో ఒకటి తగ్గితే పిల్లలు పట్టించుకోరు.